గోడకెక్కిన నెమ్ము

కాశింపీరా ఇంట్లో కింది గది గోడకు నెమ్ము ఎక్కుతోంది.

మొదటి ఏడాది మోకాలి ఎత్తు దాకా ఎక్కింది. సున్నం కొట్టించాడు. రెండో ఏడాది నడుము దాకా వచ్చింది. పాత గార రాలగొట్టించి సిమెంటు పూయించాడు. మూడో ఏడాది సిమెంటు మీద తెల్లగా ఉప్పు పూసింది, కాల్చిన అప్పడంలా పొంగింది, పెచ్చులు పెచ్చులుగా రాలింది. అంగట్లో అడిగితే నీళ్ళను ఆపే రంగు ఉందన్నారు. అది రెండు పూతలు వేయించాడు. రెండు నెలలు గోడ తళతళలాడింది. మూడో నెలలో నెమ్ము భుజాల ఎత్తుకు ఎక్కి కూర్చుంది.

ఇల్లు బండిగేరి వీధిలో, ఏటవాలు నేల మీద ఉంది. వీధిలోంచి లోపలికి వస్తే ముందు బండలు పరిచిన వాకిలి. వాకిలి పక్కన మూడు మెట్లు దిగితే ఆ కింది గది. కాశింపీరా నమాజు చేసుకునేది ఆ గదిలోనే. పడమటి గోడలో ఒక గూడు ఉంది. ఆ గూట్లో పదకొండు నోటు పుస్తకాలు ఉన్నాయి.

అవి లాలప్ప తాత మాటలు. పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం గుట్టమీదికి పోయి, తాత నోటి నుంచి వచ్చిన మాటను వచ్చినట్టే రాసుకొచ్చాడు కాశింపీరా. ఆయన పనే రాయడం. రిజిస్ట్రారు ఆఫీసు ముందు రేకుల పంచలో బల్ల వేసుకుని దస్తావేజులు, అర్జీలు రాస్తాడు. ఆయన రాసిన అర్జీని అధికారులు చివరిదాకా చదువుతారని ఊళ్ళో పేరు.

ఆ పుస్తకాల్లో అడుగున ఉన్నదానికి ఈ ఏడు బూజు పట్టింది.

గోడ అవతల మూరెడు వెడల్పు సందు. సందు దాటితే సుంకులమ్మ పెరడు. సుంకులమ్మ అరవై ఏళ్ళ ఒంటరి మనిషి. దోసెపిండి రుబ్బి అమ్ముతుంది. తెల్లవారుజామునే జాలాడిలో, పెరట్లో నీళ్ళు వాడుకునే చోట, బండ మీద బియ్యమూ మినప్పప్పూ కడుగుతుంది. బిందెలకు బిందెలు నీళ్ళు పక్కనున్న కాలువలోకి పారతాయి.

ఆ నీళ్ళే తన గోడలోకి వస్తున్నాయని కాశింపీరా తేల్చుకున్నాడు. ముందు నోటితో చెప్పాడు. “నా నీళ్ళు నీ దిక్కు రావు పీరా,” అందామె. తర్వాత కాగితం మీద రాశాడు. వీధి పెద్దమనుషుల ముందు ఆ అర్జీ ఆయనే చదివాడు. ఎంత బాగా రాశాడంటే, విన్నవాళ్ళెవరూ లేచి ఆ జాలాడి చూసి రావాలనుకోలేదు. సుంకులమ్మ కాలువ నోరు సిమెంటుతో మూయించారు. అప్పటి నుంచి ఆమె కడిగిన నీళ్ళన్నీ బకెట్లకెత్తి, వీధి చివర మురుగు కాలువ దాకా మోసి పోసి వస్తోంది. ఆమెకు ఎడమ మోకాలు వంగదు.

అది జరిగి ఏడాది దాటింది. నెమ్ము మాత్రం ఆగలేదు.

“ఎవరూ చూడనప్పుడు పోస్తాంది,” అన్నాడు కాశింపీరా భార్యతో. ఈసారి అర్జీ పెద్ద ఆఫీసుకే పెట్టాలనుకున్నాడు.

ఆ శుక్రవారం గుట్టెక్కి తాత ముందు కూర్చున్నాడు.

లాలప్ప తాత దూదేకుల మనిషి. డెబ్బై దాటాయి. ఒకప్పుడు ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇప్పుడు గుట్ట మీద రెండు గదుల మిద్దెలో ఉంటాడు. అన్ని కులాల వాళ్ళూ వస్తారు. కొందరు సామీ అంటారు, కొందరు పీరు అంటారు, ఎక్కువమంది తాతా అంటారు. ఆయన ఉపన్యాసాలు చెప్పేవాడు కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు, పిల్లలు కొత్త బొమ్మను చూసినట్టు.

“తాతా,” అన్నాడు కాశింపీరా, “పొరుగు మనిషి చేసే అన్యాయాన్ని ఎంతవరకు ఓర్చుకోవాల?”

తాత ఒక పాత బొంతకు అంచు కుడుతున్నాడు. “ఏం చేసినారు?”

కాశింపీరా చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి. తేదీలతో సహా చెప్పాడు.

తాత అంతా విన్నాడు. “ఆమె నీళ్ళు పోస్తాంటే నువ్వు చూసినావా?”

“చూళ్ళేదు తాతా. చూసే పని లేదు. గోడే చెప్తాంది.”

తాత చేతిలో సూది ఆగింది. “గోడ మాట్లాడతాందా? ఏమంటాంది?”

“నీళ్ళొస్తాండాయంటాంది.”

“యాడనుంచో చెప్పిందా?”

కాశింపీరా బొంత అంచును వేలితో సర్దాడు.

“డెబ్బై ఏళ్ళు దాటినాయి, మాట్లాడే గోడను నేను చూళ్ళేదు,” అన్నాడు తాత. ఆయన మొహంలో ఎగతాళి లేదు. “రేపు వస్తా. చూపిస్తువు.”

*

మరుసటి రోజు పొద్దున్నే తాత బస్సు దిగాడు. భుజాన గుడ్డసంచి. కాశింపీరా భార్య జైనాబీ టీ తెచ్చింది. “వచ్చి తాగుతానమ్మా,” అని ఆయన నేరుగా మూడు మెట్లూ దిగాడు.

గదిలోకి పోగానే గూటి వైపు చూశాడు. “అవేంటివి?”

“మీ మాటలు తాతా.” అన్నాడు కాశింపీరా. “పదకొండు పుస్తకాలు. వీటి కోసమే నా బాధంతా.”

“ముందు వాటిని తీసి పై గదిలో పెట్టు.”

“కారణం తెలిసినాక...”

“తడిసేవాటిని ముందు ఎత్తిపెట్టుకోవాల నాయనా. దొంగను తర్వాత ఎతుకుదాం.”

మూడేళ్ళుగా ఆ పుస్తకాల గురించి దిగులు పడుతున్నాడే గానీ, వాటిని అక్కడి నుంచి తీయాలని కాశింపీరాకు తోచలేదు. జైనాబీ నవ్వు కనబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పుస్తకాలన్నీ ఒళ్ళోకి ఎత్తుకుని పోయింది.

తాత గోడను అరచేత్తో తాకలేదు. చేతి వెనక వైపుతో తాకాడు. దూది మూటల్లో తడి ఉందో లేదో అలాగే చూసేవాడట. గోడ పొడవునా మెల్లగా నడిచాడు, అడుగుకోసారి ఆగుతూ. ఉత్తరం మూల దగ్గర నిలబడిపోయాడు. రాలిన ఉప్పును వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

“ఆఖరి వాన ఎప్పుడు పడింది?”

“పన్నెండు రోజులాయ.”

“పన్నెండు రోజుల ఎండ కాసినా ఈ మూల ఇంకా కారుతాందే.”

“నేను చెప్పేది అదే కదా తాతా! వాన కాదు. ఆమే.”

తాత గుమ్మం దగ్గరికి వచ్చిన జైనాబీ వైపు తిరిగాడు. “నువ్వేమంటావమ్మా?”

తనను అడుగుతాడని ఆమె అనుకోలేదు. “ఎండాకాలంలో కూడా ఈ మూల రాయి తడిగానే ఉంటాది తాతా. ఊడ్చేటప్పుడు చీపురు తడుస్తాది.”

“పోయిన ఎండాకాలం కూడానా?”

“పోయిన ఎండాకాలం కూడా.”

పోయిన ఎండాకాలానికి సుంకులమ్మ కాలువ మూసేసి ఆరు నెలలు.

“నాకెప్పుడూ చెప్పలేదే?” అన్నాడు కాశింపీరా.

“మీరు రంగులేయిస్తాంటిరి,” అంది జైనాబీ.

తాత మిద్దె ఎక్కాడు. కాశింపీరా వెనకే ఎక్కాడు. కట్టిన తర్వాత తన మిద్దె మీదికి ఆయన రావడం అది మూడోసారో నాలుగోసారో. వాన నీళ్ళు కిందికి పోయే తూము నోట్లో ఎండాకులు, పిచ్చుక గూటి పీచు కూరుకుని ఉన్నాయి. చుట్టూ నీళ్ళు నిలిచిన నల్లటి మరక. తాత మోకాళ్ళ మీద కూర్చుని చెత్తంతా వేళ్ళతో లాగేశాడు. తర్వాత కిందికి వంగి చూశాడు. తూము గొట్టం గోడ దాటి జానెడు కూడా లేదు. దాని కింద గోడ మీద పచ్చటి పాచి చార, నేల దాకా.

“వాన నీళ్ళు గోడను నాక్కుంటా దిగుతాండాయి,” అన్నాడు. “ఇదొక దారి.”

పాత రేకు ముక్క తెప్పించి, మడిచి, గొట్టానికి కట్టాడు. ఇప్పుడు నీళ్ళు పడితే గోడకు రెండు మూరల దూరంలో పడతాయి.

కిందికి దిగి సందులోకి పోయారు. గోడకు ఆనుకుని నడుమెత్తు మట్టి కుప్ప ఉంది. దాని మీద గడ్డి మొలిచింది.

“ఈ మట్టెవరిది?”

“నాదే. ఇల్లు కట్టినప్పుడు మిగిలింది.”

“గోడకు తడి దుప్పటి కప్పినావే,” అన్నాడు తాత. పార అడిగి, తానే రెండు పారలు ఎత్తాడు. కాశింపీరా సిగ్గుపడి పార అందుకున్నాడు. గంట సేపు పట్టింది. మట్టి తీసేసరికి గోడ అడుగు బయటపడింది. రాళ్ళు నల్లగా, చెమట పట్టినట్టు ఉన్నాయి.

“ఇది రెండో దారి. కానీ ఇవి రెండూ వానాకాలం దారులు.” తాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. “ఎండాకాలం దారి ఇంకోటి ఉండాల.”

వీధి వైపు తిరిగి వచ్చారు. ఇంటి ముందు, కాలువ అంచున, ఒక గొట్టం నోరు కనిపించింది. తాత దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. గొట్టం నోటికి అడ్డంగా సాలెగూడు, నిండుగా, ఒక్క పోగు కూడా తెగకుండా. మధ్యలో సాలీడు కదలకుండా కూర్చుని ఉంది.

“ఇదేం గొట్టం?”

“వాకిట్లో నమాజుకు ముందు వజూ చేసుకునే బండ ఉంది కదా తాతా. ఆ నీళ్ళు పోయే గొట్టం.”

“ఊ,” అన్నాడు తాత. కాసేపు ఆ సాలీడును ముద్దుగా చూసి లేచాడు.

*

సుంకులమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

“అమ్మా, నీ జాలాడి మీద రెండు బిందెల నీళ్ళు పోసుకోనిస్తావా?” అన్నాడు తాత.

ఆమె ఆయన వెనక నిలబడ్డ కాశింపీరాను చూసింది. “పోస్తే మళ్ళీ ఏం రాసుకుంటారో.”

“రాయడానికి రాలేదు. నీళ్ళు ఎటు పోతాయో చూడాలనుంది, అంతే.”

ఆ మాటలో ఏం వినిపించిందో గానీ ఆమె పక్కకు తప్పుకుంది.

తాత సంచిలోంచి ఒక పొట్లం తీశాడు. బట్టలకు పెట్టే నీలిమందు. బిందెలో కలిపాడు. నీళ్ళు ముదురు నీలమయ్యాయి. జాలాడి బండ మీద మెల్లగా పోశాడు.

నీలం నీళ్ళు మూసేసిన కాలువ నోటి దాకా పోయి, సిమెంటుకు తగిలి, కాసేపు నిలబడ్డాయి. తర్వాత తిరిగాయి. కాశింపీరా గోడ వైపు కాదు. పెరడు వాలు అటు వైపు లేనే లేదు. నీళ్ళు రెండో వైపుకు, ఆమె వంటింటి గడప వైపుకు పారాయి.

సుంకులమ్మ గడప దగ్గరికి పోయింది. గోడకు వేలాడుతున్న గోనెపట్ట అందుకుని, చుట్టి, గడపకు అడ్డంగా వేసింది. వంగని మోకాలిని చాపి, ఒంటి కాలి మీద ఒంగి, పట్టను మడమతో నొక్కింది. ఎన్నిసార్లు చేస్తే ఆ పని అంత వడిగా వస్తుందో చూస్తున్నవాళ్ళకు తెలుస్తూనే ఉంది.

ఆ గడపను కాశింపీరా ఇదివరకెప్పుడూ చూడలేదు.

బయటికి వచ్చాక అన్నాడు. “కొన్ని నీళ్ళు మట్టిలోకి ఇంకుతాయి కదా తాతా. నిదానంగా వస్తాయేమో.”

“వస్తాయేమో,” అన్నాడు తాత. “కాచుకుందాం.”

ఇద్దరూ కింది గదిలో, ఉత్తరం మూల ముందు కూర్చున్నారు. గోడ అడుగున రాయికీ నేలకూ మధ్య సన్నటి చీలిక ఉంది. అక్కడ తడి ఊరి, బొట్టు కట్టి, నేల మీదికి జారుతోంది. తెల్లటి బొట్టు. మళ్ళీ తెల్లటి బొట్టు. తాత వాటిని చూస్తూ టీ తాగాడు. జైనాబీ రొట్టెలు పెడితే తిన్నాడు. కాశింపీరా తినలేకపోయాడు. ఆయన చూపంతా నీలం కోసమే.

మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించింది.

కాశింపీరా లేచి వాకిట్లోకి పోయాడు. వాకిలి మూల, కింది గది గోడకు సరిగ్గా పైన, నున్నటి నల్ల బండ. ఇల్లు కట్టిన ఏడాది ఆయన తన చేతులతో పరుచుకున్న బండ అది. దాని మీద గిన్నె కడగనివ్వడు, గుడ్డ పిండనివ్వడు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కోవడానికే. నీళ్ళు బండ మీద నిలవకుండా మధ్యలో రంధ్రం పెట్టాడు. పోసిన నీళ్ళు ముచ్చటగా ఆ రంధ్రంలోకి పోతాయి.

వజూ చేయడంలో కాశింపీరా అంత నిష్ఠ గలవాడు బండిగేరిలో లేడు. మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంటాడు. సరిగా తడిసిందో లేదోనని అనుమానం వస్తుంది. మళ్ళీ మూడుసార్లు. కాళ్ళు కూడా అంతే. రోజుకు ఐదు పూటలు, పూటకు రెండు బకెట్లు.

తాత మెట్టు మీద కూర్చుని చూశాడు.

“నువ్వు పోయి నమాజు చేసుకో,” అన్నాడు. “నేను నిదానంగా చేసుకుంటా.”

కాశింపీరా కింది గదిలో చాప పరిచి, పడమటి గోడకు ఎదురుగా నిలబడ్డాడు. పైన తాత తన చేతులూ కాళ్ళూ ఒక్క చెంబు నీళ్ళతో కడుక్కున్నాడు. ఆ తర్వాత సంచిలోంచి రెండో పొట్లం తీశాడు. జిలేబీల్లో వేసే ఎర్ర రంగు. బకెట్లో కలిపి, రంధ్రంలోకి సన్న ధారగా పోశాడు.

కింద కాశింపీరా చేతులు కట్టుకుని పెదవులు కదుపుతున్నాడు. నడుము వంచాడు. నిలబడ్డాడు. మోకాళ్ళ మీదికి దిగి నుదురు నేలకు ఆనించాడు. తల ఎత్తేటప్పుడు కంటి అంచున ఏదో కదిలినట్టనిపించింది. నమాజులో పక్కకు చూడకూడదు. చూడలేదు.

రెండోసారి నుదురు ఆనించినప్పుడు, అది ఆయన చూపు ముందుకే వచ్చింది.

గోడ అడుగు చీలికలోంచి సన్నటి ఎర్రటి గీత. దారప్పోగంత. అది నేల మీద అటూ ఇటూ దారి వెతుక్కుంటూ, చాప వైపు వస్తోంది.

నమాజు మధ్యలో లేవకూడదు. నోరు తెరవకూడదు. కాశింపీరా నిలబడ్డాడు, వంగాడు, దిగాడు. నుదురు ఆనించిన ప్రతిసారీ గీత కొంచెం దగ్గరికి వచ్చి ఉంది, కొంచెం లావై ఉంది. ఆఖరిసారి నుదురు ఆనించినప్పుడు చాప అంచు ఎర్రబడింది. ఆయన కుడివైపు మొహం తిప్పి సలాం చెప్పాడు. ఎడమవైపు తిప్పి సలాం చెప్పాడు. తర్వాత వేలితో ఆ తడిని తాకి చూశాడు.

తాత మెట్ల మీది నుంచి తొంగిచూశాడు. “నీలమా, ఎరుపా?”

నిజంగా తెలియకే అడుగుతున్నట్టు అడిగాడు.

“ఎరుపు,” అన్నాడు కాశింపీరా.

“యాడ పోసినానో చెప్పాల్నా?”

“వద్దు తాతా.”

కాశింపీరా ఎర్రబడిన చాప అంచు మడిచాడు. చిన్న గొంతుతో అన్నాడు, “అవి వజూ నీళ్ళు తాతా. శుభ్రమైన నీళ్ళు.”

“నీళ్ళు శుభ్రమైనవే నాయనా,” అన్నాడు తాత. “గోడకు ఆ తేడా తెలీదు. గునపం ఉందా?”

*

నల్ల బండను ఇద్దరూ కలిసి లేపారు.

బండ కింద రంధ్రానికి తగిలించిన గొట్టం రెండు ముక్కలై ఉంది. అతుకు ఎప్పుడు విడిపోయిందో. ఒక ముక్క నోటికీ ఇంకో ముక్క నోటికీ మధ్య జానెడు దూరం. పోసిన నీళ్ళలో చుక్క కూడా వీధి దాకా పోలేదు. మట్టిని కోసుకుంటూ, పునాదిని కోసుకుంటూ, గోడ కిందికి పోయాయి. తాత ఆ గోతిలోకి చెయ్యి పెట్టమన్నాడు. కాశింపీరా పెట్టాడు. మోచెయ్యి దాకా పోయింది. ఇంకా పెట్టాడు. భుజం దాకా పోయింది. వేళ్ళకు ఏమీ తగల్లేదు.

జైనాబీ గుండె మీద చెయ్యి వేసుకుంది. “ఈ గోడ కిందే కదా మీరు రోజూ...” అని ఆపేసింది.

కాశింపీరా మట్టి చేత్తోనే పై గదికి పోయాడు. కొద్దిసేపటికి తాత పోయి చూస్తే, బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం మీద రాస్తున్నాడు.

“ఏం రాస్తాండావు?”

“తప్పొప్పుకుంటా కాగితం రాస్తాండా తాతా. పెద్దమనుషుల ముందర చదువుతా. ఆమెకు ఒక నకలు ఇస్తా.”

తాత ఆయన వేళ్ళలోంచి కలం తీసుకుని, మూత పెట్టి, బల్ల మీద ఉంచాడు. కిందికి పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతుల్లో సుత్తీ ఉలీ ఉన్నాయి. ఇందాక కలం పట్టిన చేతిలో వాటిని పెట్టాడు.

కాశింపీరా వాటిని చూశాడు. తాతను చూశాడు. లేచాడు.

సుంకులమ్మ పెరట్లో మినప్పప్పు నానబోస్తోంది.

“అక్కా,” అన్నాడు.

అర్జీ పెట్టకముందు ఆమెను అలాగే పిలిచేవాడు.

“ఎవరు అక్క?” అంది ఆమె తల ఎత్తకుండా. “సదరు సుంకులమ్మ అని రాసినావు కదా.”

కాశింపీరా ముందుకు పోయాడు. మూసేసిన కాలువ ముందు కూర్చుని ఉలి ఆనించి కొట్టడం మొదలుపెట్టాడు. రాసే చెయ్యి. సుత్తి పట్టడం రాదు. మూడో దెబ్బ బొటనవేలి మీద పడింది. రక్తం వచ్చింది. వేలు నోట్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ కొట్టాడు. సుంకులమ్మ గడప మీద కూర్చుని చూసింది. ఆపమనలేదు, సాయానికి రాలేదు. ఏడాది పాటు ఎండి గట్టిపడ్డ సిమెంటు. పలకలు పలకలుగా లేచేసరికి ఎండ వాలిపోయింది.

ఆమె లేచి ఒక బిందె నీళ్ళు తెచ్చి జాలాడి మీద కుమ్మరించింది. గుడగుడమంటూ కాలువలోకి పోయాయి. ఖాళీ బిందె నడుముకు ఆనించుకుని అడిగింది.

“పోతాండాయి, బాగుంది. నేను ఏడాది మోసిన నీళ్ళ సంగతేంది పీరా?”

దస్తావేజుల్లో వాడే మాటలన్నీ కాశింపీరా మనసులో తిరిగాయి. ఒక్కటీ పనికి రాలేదు.

*

మర్నాడే ఆయన వీధి పెద్దమనుషులను పిలిచి, కాగితం లేకుండా, నిలబడి చెప్పాడు. తప్పు తనదన్నాడు. వాళ్ళలో ఒకాయన, పోనీలే పీరా, ఎవరికైనా జరుగుతాది, అన్నాడు. “ఎవరికైనా జరగలేదు, నేను చేసినా,” అన్నాడు కాశింపీరా.

ఒక ముసలి మేస్త్రీని పిలిపించాడు. గొట్టం కొత్తది వేశారు, అతుకు గట్టిగా బిగించారు, బండ మళ్ళీ పరిచే ముందు రెండు బిందెలు పోసి వీధిలో కారేదీ లేనిదీ చూసుకున్నారు. గోతిలో రాళ్ళు వేసి, కంకర కుమ్మి గట్టిపరిచారు. గోడ మీద మూడేళ్ళుగా ఎక్కిన రంగూ సిమెంటూ గోకి పారేశారు. లోపల గోడ తడి బిస్కెట్టులా ఉంది.

కాశింపీరా ఇప్పుడు వజూ ఒక్క చెంబుతో చేస్తున్నాడు. వాన పడే ముందు మిద్దె ఎక్కి తూము చూసి వస్తున్నాడు. ఏ పనైనా జైనాబీని ఒకసారి అడిగి మొదలుపెడుతున్నాడు. మొదట్లో ఆమెకు ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం గుట్టెక్కి వచ్చి, తాత ముందు కూర్చున్నాడు.

“చెప్పు,” అన్నాడు తాత.

“కాలువ తెరిచినా తాతా. నలుగురిలో ఒప్పుకున్నా. కనపడినప్పుడల్లా అక్కా అని పలకరిస్తాండా. ఆమె తల తిప్పుకుంటాది. జైనాబీ పోతే పిండి ఇస్తాది. నేను పోతే అయిపోయిందంటాది.” అన్నాడు కాశింపీరా. “ఇంకేం చెయ్యాల్నో చెప్పు. ఏదైనా చేస్తా.”

తాత ఆయన వైపు తిరిగాడు.

“గోడ ఎట్లుంది?”

“కొత్త నీళ్ళు ఒక్క చుక్క రావడం లేదు తాతా. కానీ చెయ్యి పెడితే ఇంకా తడే. తొందరగా ఆరుతాదేమోనని కుంపటి పెట్టమంటావా అని మేస్త్రీని అడిగినా. తిట్టినాడు. లోపలంతా నానిపోయిన గోడ, ఏడాది పడతాదన్నాడు. అంతవరకు గోకొద్దు, రంగు పూయొద్దు, కిటికీ తెరిచిపెట్టి కాచుకోమన్నాడు.”

“మంచి మేస్త్రీ,” అన్నాడు తాత. “ఆయన చెప్పినట్టు చెయ్యి.”